దీక్షిత చిప్పు, ఆత్మారాం షుగరు

మా దీక్షిత పేరు ముందర ఇప్పుడు డాక్టర్ అని రాస్తరు. సూదిమందు వేసే డాక్టర్ కాదు, చదువు డాక్టర్. ఈ రెంటికీ తేడా ఊరందరికీ చెప్పే పని నా మీదనే పడ్డది. ఎందుకంటే నేను ఆ పిల్లకు సొంత పెద్దబాపును. పైగా మా ఊరి బడిల ఏడో తరగతి ఫస్టు క్లాసుల పాసైన తొలి మనిషిని. రెండు మార్లు వార్డు మెంబరు చేసిన. రుద్రూరు కిసాన్ మేళాల పొడుగు చెరుకుకు గోడగడియారం బహుమతి తెచ్చిన, అది ఇప్పటికీ నడుస్తున్నది, సెల్లు మారిస్తే. ఊర్లె సర్కారు దవాఖాన, అదే సబ్‌సెంటర్, దాని బిల్డింగు నా హయాంలనే లేచింది. ఇవన్నీ గొప్పకు రాస్తలేను. ఆ బిల్డింగు లేకుంటే దీక్షిత డాక్టర్ అయ్యేది కాదు, అందుకే అక్కడ్నుంచి మొదలువెట్టిన.

దీక్షిత మా తమ్ముడు మల్లికార్జున్ బిడ్డ. చిన్నప్పట్నుంచి దానికి ఏరుడు జబ్బు. అటుకుల చుడువ పెడితే పల్లీలు ఒక దిక్కు, పుట్నాలు ఒక దిక్కు, కరివేపాకు ఇంకో దిక్కు పెట్టుకొని, అంతా ఏరినంకనే తినేది. అప్పటికి చుడువ మెత్తబడేది. పసుపు ఉడకబెట్టి కల్లంల ఆరబోస్తే ఎవరు పిలవకున్నా వచ్చి కొమ్ములు వేరు, గుండ్లు వేరు చేసేది. మా ఇంటామె సాయవ్వ దాన్ని చూసి, ఏరి ఏరి ఇది ఏ ఎడ్డోన్ని ఏరుకుంటదో అని బుగ్గలు నొక్కుకునేది. నేను మాత్రం ఆ పిల్లల ఏదో ఉన్నదని అప్పుడే కనిపెట్టిన. ఏమున్నదో మాత్రం తెల్వదు.

పదో తరగతి మా హైస్కూలుల ఫస్టు. ఇంటర్ నిజామాబాద్‌ల, అక్కడా ఫస్టే. ఇంజనీరింగుల గోల్డ్ మెడల్. ఆ మెడల్‌ను నేను పండ్లతోటి కొరికి చూసిన, పైన పూతనే. అయినా మెడల్ మెడలే. తర్వాత స్కాలర్‌షిప్పు మీద హైదరాబాద్‌ల పీహెచ్‌డీల చేరింది. దేని మీద అని అడిగితే, కణాలు వేరు చేసే చిప్పు మీద అన్నది. అంటే ఏరుడు మీదనే. సర్కారు పైసలిచ్చి మరీ ఏరిపిస్తున్నదని తెలిసినప్పుడు సాయవ్వ నోరు మూతపడ్డది.

ఆ చిప్పు సంగతి నాకు అర్థమైన కాడికి చెప్తున్న. ఒక చుక్క నెత్తురుల ఎర్రకణాలు లక్షలకు లక్షలుంటయి, తెల్లకణాలు తక్కువ. ఒంట్లె రోగం జొరబడితే తెల్లవి పెరుగుతయి. వాటిని లెక్కపెట్టే పెద్ద మిషన్ నిజామాబాద్‌ల ఉంటది, మా సబ్‌సెంటర్‌ల ఉండదు. దీక్షిత చేసింది బొటనవేలంత చిప్పు. మెత్తగ ఉంటది, సాబుదాన వడియం లెక్క అవతలిది కనపడుతది. దాని కడుపుల వెంట్రుకంత సన్నని కాలువ, జిలేబీ చుట్టినట్టు. చుక్క నెత్తురును ఉప్పునీళ్లల్ల కలిపి సిరంజితోటి ఒత్తితే, ఆ జిలేబీల తిరుక్కుంట తిరుక్కుంట తెల్లవి ఒక దారిన, ఎర్రవి ఒక దారిన బయటపడతయి. ఆ తెల్లవాటిని భూతద్దం కింద లెక్కపెట్టుడే, కరెంటు వద్దు, పెద్ద మిషన్ వద్దు.

అవి వాటంతట అవే ఎట్ల వేరు పడతయని అడిగిన.

"పెండ్లి బరాత్ మలుపు తిరిగేటప్పుడు చూడు పెద్దబాపూ," అన్నది దీక్షిత. "లావుగున్న పెద్దమనుషులు మలుపు లోపలి పక్కనే మెల్లగ తిరుగుతరు. బక్క పొల్లగాండ్లు ఎగురుకుంట బయటి పక్కకు పోతరు. తెల్లకణాలు లావుగుంటయి, నీ లెక్క."

ఆ దినం నుంచి నేను తెల్లకణాల పార్టీల ఉన్న.

ఈ సంగతి నలుగురికి తెలవాలెనని ఒక పెండ్లిల బంతిల కూసున్నప్పుడు గట్టిగనే చెప్పిన, మా పిల్ల సెల్లులు వేరు చేసే చిప్పు మీద డాక్టరేటు చేస్తున్నదని. మా ఊర్లె సెల్లు అంటే రెండే, గడియారంల వేసేది, చెవికి పెట్టుకునేది. తెల్లారేసరికి మా అరుగు మీద పగిలిన ఫోన్లు వరుసగ పెట్టి ఉన్నయి. ధర్పల్లి నుంచి ఒకాయన డబ్బ ఫోను పట్టుకొని బస్సు దిగిండు. దీక్షిత సెలవు మీద ఇంట్లనే ఉండె. కోపం చేయలేదు. ఛార్జింగు బొక్కలల్ల పేరుకున్న దుమ్ము పిన్నీసుతోటి తీసి ఇచ్చింది. సగం ఫోన్లు దాంతోనే లేచినయి. అట్ల ఆమె చదువుకు మా దిక్కు మంచి పేరే వచ్చింది, కాకపోతే వేరే చదువుకు.

ఇగ అసలు కథ. చిప్పు హైదరాబాద్‌ల ఏసీ రూముల మస్తు పనిచేసింది. కని దీక్షితకు పై టీచరు శ్రీవాణి మేడం ఉన్నది, ఆమె ఒప్పుకోలేదు. పల్లెటూరి కోసం చేసిన వస్తువు పల్లెటూర్ల పనిచేసి చూపియ్యాలె అన్నది. నలభై మంది ఆరోగ్యంగున్న మనుషుల దగ్గర, వాళ్ల ఇష్టంతోటి, వేలి చుక్క తీసుకొని పరీక్ష చేయాలె. అదే మనిషి నెత్తురు ఇంకింత నిజామాబాద్ పెద్ద మిషన్‌కు పంపి రెండు లెక్కలు కలుస్తున్నయా చూడాలె. యూనివర్సిటీ ఇచ్చిన అనుమతి ఆ నెలాఖరు దాకనే. కలవకపోతే, లేదంటే మనుషులే రాకపోతే, ఈ చిప్పును పక్కన పెట్టి ఇంకో పని ఎత్తుకోవాలె. అంటే అన్నేండ్ల ఏరుడు మళ్ల మొదటి నుంచి. ఈ మాటంతా ఆ పిల్ల నాకు ఫోన్‌ల చెప్పింది. నేను వార్డు మెంబరు చేసిన మనిషిని, నలభై మంది ఒక లెక్కనా అన్న. మా ఊర్లె పెడదాం, జనం సంగతి నాకు వదిలెయ్ అన్న.

మైకుల చదివేందుకు ఆమె ఒక కాగితం పంపింది. "రక్తంలోని తెల్ల కణాల విభజనపై పరిశోధన నిమిత్తం" అని ఉన్నది. విభజన అంటే మా ఊర్లె అన్నదమ్ముల పంచాయితీ అనుకుంటరు, నెత్తురు అంటే తలుపులు పెట్టుకుంటరు. మా సబ్‌సెంటర్ నర్సు సుకన్యను అడిగితే, చిప్పు కోసం వేలు పొడిచినప్పుడే ఒక్కొక్కరికి షుగర్ గూడ చూస్తనన్నది. ఇగ నాకు దారి దొరికింది. పంచాయతీ మైకు నా చేతిలకు తీసుకొని చెప్పిన:

"అందరికి తెలియజేయునది ఏమనగా, ఆదివారం పొద్దుగాల సబ్‌సెంటర్ కాడ ఉచిత షుగర్ పరీక్ష. హైదరాబాద్ నుంచి కొత్త మిషన్ వస్తున్నది. ఎవరి షుగర్ ఎంతున్నదో అక్కడికక్కడ చెప్పబడును."

అందుల ఒక్క అబద్ధం లేదు.

కాకపోతే అది చెరుకు కోతల కాలం. మా దిక్కు షుగర్ అంటే ముందుగాల చెరుకు, ఆ తర్వాతనే రోగం. కోత ఆలస్యమై గడలు ఎండుతుంటే, ఫ్యాక్టరోళ్లు మీ చెరుకుల షుగర్ తక్కువ అంటుంటే, రైతులు కడుపుమంట మీద ఉన్నరు. ఎవరి షుగర్ ఎంతో తేల్చే మిషన్ ఊర్లెకే వస్తున్నదని ఇంటే ఆగుతరా.

ఆదివారం దీక్షిత, శ్రీవాణి మేడం కారు దిగేసరికి సబ్‌సెంటర్ ముందర నడిచే జాగ లేదు. చెరుకు మోపులు గోడ పొడుగున నిలబెట్టి ఉన్నయి, ఒక్కొక్క మోపుకు పేరు రాసిన అట్టముక్క. గేటుకు అడ్డంగ ట్రాక్టరు. పోలియో చుక్కల బోర్డుకు ఎవరో చెరుకాకు తోరణం గూడ కట్టిండ్రు. జనం నేను చెప్పిన దానికంటె ఎక్కువనే వచ్చిండ్రు, ఆ లెక్కల నేను పాసే. మేడం కండ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్ల పెట్టుకున్నది. ఇది సబ్‌సెంటరా, చెరుకు యార్డా అని నన్నడిగింది. రెండూ అని చెప్పిన.

అందరికంటె ముందర ఆత్మారాం నిలబడ్డడు. ఆయనది మహారాష్ట్ర అంచున ఊరు, మా ఊరికి ఇల్లరికం వచ్చిండు. ఆయన చెరుకు మీద ఈగ వాలినా తియ్యదనం తగ్గుతదని భయపడే మనిషి. దీక్షిత చిప్పు తీసి బల్ల మీద పెట్టంగనే వంగి చూసిండు.

"గిదేనా మిషను? గింతంత దాంట్ల సెరుకు గడ ఎట్ల వడతది బిడ్డా?"

గడ కాదు, నీ వేలి చుక్క అని దీక్షిత చెప్పింది. ఆత్మారాం నా దిక్కు తిరిగి కోపంతోటి మరాఠీలకు పోయిండు. నేను అర్థం కానట్టే ఉన్న. సంగతి వెనక్కు వెనక్కు పాకింది, చెరుకును చూడరట, మనుషులనే చూస్తరట. ఒకరొకరే మోపులు భుజాల మీదకెత్తుకున్నరు. ట్రాక్టరు స్టార్టైంది. దీక్షిత చేతిల సిరంజి పట్టుకొని అట్లనే నిలబడ్డది. మేడం గడియారం చూసుకున్నది.

అప్పుడు సబ్‌సెంటర్ అరుగు మీద కూసున్న సాయవ్వ లేచింది. ఆ పిల్లను ఎత్తుకొని పెంచిన చేయి ఆమెది.

"ఏం ఆత్మారాం, సెరుకేమో తేనె లెక్క ఉంటదంటవ్. పండించినోడు సప్పగుంటడా మరి? ఏలు సాపి సూపియ్యి. భయమైతే ఇంటికి పో, నీ పెండ్లాన్ని తోలు."

ఇల్లరికపు మనిషికి అంత మాట అంటే ఊకుంటడా. మోపు కింద పడేసి, వేలు చాపి, కండ్లు గట్టిగ మూసుకున్నడు. సుకన్య పొడిచి చుక్క పట్టి షుగర్ మిషన్‌ల పెట్టింది. మిషన్ జరసేపు ఆలోచించింది. అంకె రాలేదు. ఇంగ్లీషుల రెండు అక్షరాలు పడ్డయి. అక్కడున్నోళ్లల్ల ముందుగాల చదివింది నేనే. ఎచ్, ఐ. హాయ్.

"మిషను హాయ్ అంటున్నది," అని చెప్పిన.

ఆత్మారాం కండ్లు తెరిచిండు. మెల్లగ చేయి ఊపి, మిషన్‌కు నమస్తే పెట్టిండు.

సుకన్య మొఖం మాత్రం పాలిపోయింది. ఆరొందలకు మీద పోతే అంకెకు బదులు అట్ల పడుతదట, అంత షుగర్ ఉన్న మనిషి నిలబడొద్దట. ఆ మాటల ఆరొందలు ఒక్కటే జనానికి ఇనపడ్డది. ఆరొందల షుగరు. చెరుకుల షుగర్ ఎక్కువుంటే గొప్ప, మనిషిల ఎక్కువుంటే ఇంకెంత గొప్ప. మోపులు దించిండ్రు, ట్రాక్టరు బందైంది. నా వేలు ముందంటే నా వేలని తోసుకునుడు మొదలైంది. నాలుగొందలొచ్చినోడు ఆత్మారాంను చూసి ఏడ్చిండు, ఐదొందలొచ్చినోడు మీసం తిప్పిండు. ఒకాయనకు తొంభై ఎనిమిదే వచ్చింది. ఇది అన్యాయమని అక్కడ్నే చెరుకు గడ విరిచి నమిలి, మళ్ల లైన్ల నిలబడ్డడు. మా ఊరంతా ఒక్క పొద్దుగాల షుగర్ రోగులైండ్రని సుకన్య అంబులెన్సుకు ఫోన్ చేయబోయింది.

లోపల దీక్షిత పని ఇంకా అధ్వాన్నంగున్నది. మొదటి చిప్పుల నెత్తురు సగం పోయి ఆగింది. రెండో చిప్పు గూడ అట్లనే. భూతద్దం కింద చూస్తే జిలేబీ కాలువ మూతి కాడ సన్నని దారపు పోగు అడ్డం పడ్డది. కణాలు గూడ గుండ్రంగ లేవు, ఉప్పులేసిన మామిడి ముక్కల లెక్క ముడుచుకున్నయి. తెచ్చినవి మూడే చిప్పులు. ఒక్కటే మిగిలింది. మేడం కుర్చీ జరుపుకొని కూసున్నది.

దీక్షిత ఆ పోగును సూది మొనతోటి తీసి, గాజు ముక్క మీద పెట్టి చానసేపు చూసింది. తర్వాత బయటికొచ్చి ఆత్మారాం చేయి పట్టుకొని, ఆ వేలును వాసన చూసింది. జనం వింతగ చూసిండ్రు.

"పెద్దబాపూ, ఇది చెరుకు పిప్పి," అన్నది. "వీళ్లందరి చేతులకు రసం అంటి ఉన్నది. షుగర్ నెత్తురుల లేదు, వేలి మీదున్నది."

అందరూ సబ్బుతోటి చేతులు కడుక్కోవాలె, మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క ఇయ్యాలె అని చెప్పింది. మొదట ఆత్మారాంనే బోరింగు కాడికి తోల్కపోయి కడిగిపిచ్చిండ్రు. మళ్ల పొడిచిండ్రు. నూట నాలుగు.

ఆత్మారాం ఆ అంకె దిక్కు, తన వేలు దిక్కు, బోరింగు దిక్కు చూసిండు. "నా షుగర్ ఎవలు తీసిండ్రు?" అన్నడు. సబ్బు మీద అనుమానపడ్డడు. నీళ్ల మీద అనుమానపడ్డడు. సర్పంచు వేయించిన బోరు కాబట్టి రాజకీయం గూడ ఉన్నదన్నడు. ఇది చూసినంక మిగిలినోళ్లు చేతులు జేబులల్ల పెట్టుకున్నరు. కడిగితే ఐదొందలు పోతయంటే ఎవడు కడుగుతడు. సాయవ్వ తిట్టినా కదల్లేదు. నేను మైకు పట్టినా కదల్లేదు, అది చెప్పుకుంటే చాలు వాళ్ల పట్టుదల తెలుస్తది.

దీక్షిత నా చేతిలకెల్లి మైకు తీసుకున్నది. అప్పటిదాక ఆ పిల్ల హైదరాబాద్ మాటలే మాట్లాడుతున్నది, దయచేసి, సహకరించండి అని. ఇప్పుడు మా ఊరి మాటలకు దిగింది.

"నేను చెప్పేది ఇనుండ్రి. షుగర్ చేనుల ఉండాలె. గడల ఉండాలె. మనిషిల దొరికిందంటే ఏందన్నట్టు? వాడు ఎవని చేన్లనో చెరుకు ఇరుసుక తిన్నట్టు. ఇగ ఎవరి షుగర్ ఎంతో బోర్డు మీద రాస్తం. కడుక్కుంటరో, కడుక్కోరో మీ ఇష్టం."

చెరుకు దొంగ అనే మాట మా దిక్కు చిన్న మాట కాదు, దాని మీద పెండ్లిళ్లు తప్పిపోయినయి. చూస్తుండంగనే బోరింగు కాడ తన్నులాట మొదలైంది. మోచేతుల దాక సబ్బు పెట్టిండ్రు, కొందరు కాళ్లు గూడ కడిగిండ్రు. చెరుకు నమిలి లైన్ల నిలబడ్డాయన ముందుగాల పోయి పుక్కిలించిండు. పాపం, అంకె మళ్ల చూస్తే నూట పదహారే వచ్చింది, బతికిపోయిండు. ఆత్మారాం నూట నాలుగు పట్టుకొని, నేను నా చేన్లది గూడ తినలేదు చూడుండ్రి అని అందరికి చెప్పుకుంట తిరిగిండు. బోర్డు మీద మాత్రం దీక్షిత ఎవరి పేరూ రాయలేదు. కడిగినంక గూడ ఎక్కువొచ్చిన ముగ్గురిని సుకన్య లోపలికి పిలిచి మెల్లగ మాట్లాడింది. వాళ్లు దొంగలు కాదని, గోలీలు వేసుకుంటే సరిపోతదని చెప్పి పంపింది.

అయినా పని అయిపోలేదు. ఉన్నది ఒక్క చిప్పు. నలభై మంది చుక్కలు అదొక్కటే దాటించాలె. దీక్షిత ఒక్కొక్కరిది ఒత్తుడు, ఉప్పునీళ్లతోటి కడుగుడు, మళ్ల ఒత్తుడు. అదే మనిషి నెత్తురు ఇంకింత నిజామాబాద్ మిషన్ కోసం సుకన్య చిన్న సీసాల పట్టుడు. మధ్యాహ్నం కరెంటు పోయింది, సబ్‌సెంటర్ ఫ్యాన్లు ఆగినయి, చిప్పుకు మాత్రం ఫరకు పడలేదు. నేను విసనకర్ర తీసుకొని చిప్పుకు విసిరిన. గాలితోటి దుమ్ము పడుతదని దీక్షిత అంటే మేడంకు విసిరిన. పొద్దు వాలేవరకు నలభయ్యో మనిషి వేలు తుడుచుకొని లేచిండు. చిప్పు ఆగలేదు. నిజామాబాద్ నుంచి పెద్ద మిషన్ లెక్క వచ్చినంక రెండు పక్కపక్కన పెట్టి చూసిండ్రు. కలిసినయి. మేడం నాకు ఫోన్ చేసి, మీ ఊరి చేతులు లేకుంటే ఈ చిప్పు ఎక్కడ ఆగుతదో మాకు ఎప్పటికీ తెలిసేది కాదన్నది. మా ఊరిని ఒక పెద్ద టీచరు మెచ్చుకునుడు అదే మొదటిసారి. నేను అది మైకుల చెప్పిన.

డాక్టరేటుకు ఆఖరు పరీక్ష యూనివర్సిటీల అందరి ముందర జరుగుతది, ఎవరన్న పోయి కూసోవచ్చు. ఊరి తరఫున నేను, సాయవ్వ పోయినం. పిలవకున్నా ఆత్మారాం ఇస్త్రీ అంగితోటి బస్సు ఎక్కిండు. దీక్షిత తెర మీద బొమ్మలు చూపిచ్చుకుంట ఇంగ్లీషుల గంటసేపు చెప్పింది. చెరుకు పిప్పి పోగు బొమ్మ గూడ పడ్డది, తాటిమొద్దంత. దాన్ని ఆపేందుకే ఇప్పుడు చిప్పు మూతి కాడ జల్లెడ లెక్క సన్నని జాలి పెట్టిందట. పెద్ద సార్లు ప్రశ్నలడిగిండ్రు, అన్నిటికి జవాబిచ్చింది. చివరికి, సభల ఎవరన్న అడగవచ్చు అన్నరు.

ఆత్మారాం లేచి నిలబడ్డడు. నేను అంగి గుంజినా కూసోలేదు.

"బిడ్డా, అంతా మంచిగనే చెప్పినవ్. కడిగినంక నూట నాలుగు వచ్చింది నేనే, నేను కాదంటలేను. కని కడుగక ముందు నాకు మిషను హాయ్ చెప్పింది గదా. అది పుస్తకంల రాసినవా, లేదా?"

దీక్షిత నవ్వు ఆపుకొని ఒక పేజీ తిప్పి తెర మీద పెట్టింది. కడుగక ముందు, కడిగినంక అని రెండు వరుసలు. పేర్లు లేవు, నంబర్లే. ఒకటో నంబరు పక్కన ఆ రెండు ఇంగ్లీషు అక్షరాలున్నయి.

పరీక్షకు వచ్చిన పెద్ద సారు కండ్లద్దాలల్లకెల్లి ఆ అక్షరాల దిక్కు చూసి, ఆత్మారాం దిక్కు చూసి, ఒకటో నంబరు మీరేనా అని అడిగిండు.

"నేనే సార్," అన్నడు ఆత్మారాం, తెరకు చేయి ఊపుకుంట. "ఫస్టు."